లోపలి చిరునామా

జూన్ 2, సోమవారం

ఎట్టకేలకు మెయిల్ సర్వర్ పాత కంప్యూటర్ మీంచి దిగి కంటైనర్‌లోకి, అంటే కొత్త మిషన్‌లో దానికంటూ కట్టిన విడి గదిలోకి, చేరింది. పొద్దున ఎనిమిదికి కూర్చుంటే లేచేసరికి సాయంత్రం నాలుగు. ల్యాబులో అందరి మెయిళ్ళూ వెళ్తున్నాయి, వస్తున్నాయి, ఒక్క స్కానర్‌వి తప్ప. రిపోర్టుల గదిలోని ఆ స్కానర్‌ది మా ఆయన బట్టతల వయసు. సంతకమైన బయాప్సీ రిపోర్టును డాక్టర్లకు తనంతట తనే మెయిల్ చేస్తుంది గానీ, పాస్‌వర్డ్ చెప్పడం దానికి చేతకాదు. కొత్త సర్వరేమో పాస్‌వర్డ్ చెప్పందే గడప తొక్కనివ్వదు.

రిపోర్టుల గది చూసే వదిన, మా ఆయన అక్క, కట్ట పట్టుకుని తలుపు దగ్గరే నిలబడింది.

"ఏమ్మా, ఇవాళ్టికి అవుతుందా? లేకపోతే నన్నే ఇంటింటికీ తిరిగి పంచి రమ్మంటావా?"

"అయిపోయింది వదినా. అయిదు నిమిషాలు."

"మధ్యాహ్నం కూడా అయిదు నిమిషాలే అన్నావు. నిన్నీ ఉద్యోగంలో పెట్టించింది నేను. మాట నాకొస్తుంది."

ఈ మాట నెలకోసారి రావాలి. ఈ నెల రెండో తారీఖుకే వచ్చేసింది, ఇక నెలాఖరుదాకా ప్రశాంతం.

సెట్టింగుల్లో ఒక ప్రశ్న ఉంది: పాస్‌వర్డ్ అడక్కుండా ఎవరిని నమ్మాలి? 'ఎవరినీ వద్దు' అని ఉన్నదాన్ని 'లోపలి నెట్‌వర్కును' అని మార్చాను. లోపలి నెట్‌వర్కు అంటే కంటైనర్లు తమలో తాము మాట్లాడుకునే చిన్న సందు. స్కానర్ ఆ సందులో లేదు, ఆఫీసు వైరు మీద ఉంది. లెక్కప్రకారం పనిచేయకూడదు. చేసింది. ఎందుకు చేసిందో రేపు చూస్తాను. టెస్టు కోసం పెట్టిందే కాబట్టి రేపు తీసేస్తాను.

జూన్ 3

ప్రింటర్లతో సరిపోయింది. రేపు తీసేయాలి.

జూన్ 6, శుక్రవారం

వదిన నోటికి మళ్ళీ గేటు తెరుచుకుంది. మధ్యాహ్నం పెద్ద డాక్టరుగారు రిపోర్టుల గదికొచ్చి, సాయంత్రంలోగా ఇంకో పదిహేను పంపాలన్నారు. ల్యాబు ఆయనది. అడగొచ్చు. వదిన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"డాక్టరుగారూ, నేను ప్రతి రిపోర్టూ మూడుసార్లు సరిచూస్తాను. ఇట్లా మెడ మీద కూర్చుంటే ఒకరోజు పేర్లు తారుమారై ఒకరి రిపోర్టు ఇంకొకరికి వెళ్తుంది. అప్పుడు సంతకం నాదీ, ప్రాణం వాళ్ళదీ."

పదిమంది ముందు అంది. ఆయన ముఖం గంటుపెట్టుకుని వెళ్ళిపోయారు. పంతొమ్మిదేళ్ళుగా ఆ గదిలో ఉన్నంత మాత్రాన అంత మాటా? ఇంట్లోనూ అంతే. మేడ మీద గది ఆమెది, కింద ఇల్లు మాది, నోరు మాత్రం రెండంతస్తులకూ ఆమెదే. మా ఆయనతో చెబితే, "మా అక్క అన్నదాంట్లో తప్పేముంది?" అన్నారు. అక్కా తమ్ముళ్ళ మధ్య నేనెందుకు.

జూన్ 12, గురువారం

వరసగా రాస్తాను.

పొద్దున పది నలభై రెండుకి డాక్టర్లందరికీ ఒక మెయిల్ వెళ్ళింది. అరవై రెండు మందికి ఒకేసారి చేరే చిరునామా ఒకటుంది. లోపలివాళ్ళు తప్ప దానికి ఎవరూ పంపలేరు. మెయిల్ వదిన పేరుతో ఉంది. 'ఈ వారం బయాప్సీ రిపోర్టుల్లో పేర్లు తారుమారయ్యాయి. సరిచేసిన రిపోర్టుల కోసం కింద నొక్కండి.' నొక్కితే ఏమీ తెరుచుకోలేదు. పన్నెండయ్యేసరికి ఫోన్లన్నీ మోగడం మొదలైంది. ఒక సర్జన్ రేపటి ఆపరేషన్ వాయిదా వేశారట.

పెద్ద డాక్టరుగారు మా ఇద్దరినీ గదిలోకి పిలిచారు. వదిన నిలబడే ఉంది.

"పోయిన వారం ఏమన్నారో అదే రాశారు. మాట కూడా మార్చలేదు. తారుమారు!"

"నేననాల్సింది మీ మొహం మీదే అన్నాను. ఇంక మెయిల్ ఎందుకు?"

ఆయన నావైపు తిరిగారు. "మీ వదిన అని చూడకండి. లాగ్‌లో ఏముంటే అది చెప్పండి."

లాగ్‌లో, అంటే సర్వర్ తనంతట తను రాసుకునే చిట్టాలో, మెయిల్ పంపిన యంత్రం చిరునామా లోపలిదే. నా కళ్ళతో చూశాను. లాగిన్ అయిన పేరుండాల్సిన చోట మాత్రం ఖాళీగా ఉంది. స్కానర్ నుంచి పంపి ఉంటుంది, దానికి పేరుండదు కదా. 'మెయిల్ లోపలి చిరునామా నుంచే వెళ్ళింది' అని రాసి సంతకం పెట్టాను.

"నువ్వు చూశావా?" అంది వదిన.

"చూశాను వదినా. లోపలి నుంచే."

"అలాగా."

అంతే. కళ్ళజోడు పెట్టె తీసుకుంది. విచారణ అయ్యేదాకా రావద్దన్నారు. ఆటోలో ఇంటికి వెళ్ళిందట. నేను వచ్చేసరికి మేడ మీద దీపం వెలుగుతోంది.

ఉన్నదే రాశాను. లేనిది రాయలేదు.

జూన్ 13

"అక్క పొద్దున్నుంచీ కిందికి దిగలేదు," అన్నారు ఆయన.

"నేనేం చేసేది? లాగ్‌లో ఉన్నదే చెప్పాను."

"నిన్నెవరైనా ఏమన్నా అన్నారా?"

"అనకపోవడమే అనడం."

ఆయన లిఫ్టు మెకానిక్. పని సంచీ సర్దుకుంటూ, నాతో కాదన్నట్టు అన్నారు: "లిఫ్టు మధ్యలో ఆగితే నేను ముందు మోటారు చూస్తాను. లోపల ఇరుక్కున్న మనిషిని అనుమానించను."

లిఫ్టు వేరు, సర్వర్ వేరు.

జూన్ 14

ఆ సెట్టింగు తీసేశాను. ఆ వారమే తీసేసినట్టు గుర్తు.

జూన్ 15

తీసేశాను.

జూన్ 16, సోమవారం

వదిన లేని గదిలో కిటికీ దగ్గర నన్ను కూర్చోబెట్టారు. పదకొండింటికి ఒకామె వచ్చింది. బస్సు కండక్టరు, డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, తోలు సంచీ భుజానే ఉంది. మడతలు పడ్డ కవరు కిటికీలోంచి లోపలికి తోసింది.

"శుక్రవారం ఆపరేషన్ చేస్తామన్నారమ్మా. తయారై వెళ్తే, మీ రిపోర్టు మీద నమ్మకం లేదు, ఆగండన్నారు. నాకు చదువు తక్కువ. ఒక్క ముక్క చెప్పు. ఇది నాదేనా?"

నాకేం తెలుసు? పేరు ఆమెదే, వయసు ఆమెదే. కానీ ఆ పేరు కింద రాసిన జబ్బు ఆమెదో కాదో నేనెలా చెప్పను?

"కనుక్కుని చెబుతాను. కూర్చోండి."

"కూర్చోడం అలవాటు లేదులే," అని కిటికీ పక్కనే గోడకు ఆనుకుని నిలబడింది.

వరండాలోకి వెళ్ళి వదినకు ఫోన్ చేశాను. నాలుగు రోజుల్లో మొదటిసారి. ఎందుకు చేశావని అడగలేదు, నంబరు అడిగింది.

"వెనక గదిలో చెక్క డబ్బాల్లో బయాప్సీ ముక్కలు అంటించిన గాజు స్లైడులు ఉంటాయి. స్లైడు మీద పెన్సిల్‌తో రాసిన నంబరు, రిపోర్టు మీది నంబరు, ఆపరేషన్ గది నుంచి వచ్చిన చీటీ మీది నంబరు, మూడూ కలవాలి. మూడూ కలవందే నా చేతిలోంచి ఏదీ బయటికి పోదు. వెళ్ళి చూడు. ఆమెను ఎంతసేపని నిలబెడతావు?"

చూశాను. మూడూ కలిశాయి. చెప్పాను. ఆమె సంచీలోంచి రుమాలు తీసి ముఖం తుడుచుకుంది. "అయితే జబ్బు నాదేనన్నమాట," అంది, ఊరటో బాధో తెలియని గొంతుతో. ఇదే మాట ఆ సర్జనుగారికి కాగితం మీద రాసివ్వమంది. పెద్ద డాక్టరుగారిని అడిగితే, విచారణ పూర్తయ్యేదాకా ల్యాబు ఏదీ రాసివ్వదన్నారు.

మూడుసార్లు చూసే మనిషి, పగతో అయినా సరే, రిపోర్టులు తారుమారయ్యాయని రాస్తుందా? ఆ చేత్తో తన పంతొమ్మిదేళ్ళ పనినీ తానే కొట్టేస్తుందా?

కోపంలో ఎవరేం చేస్తారో చెప్పలేం.

జూన్ 18, బుధవారం

ఈ డైరీ మొదటినుంచి తిరగేశాను. రెండో తారీఖు: రేపు తీసేస్తాను. మూడో తారీఖు: రేపు తీసేయాలి. ఆ తర్వాత ఎక్కడా 'ఇవాళ తీసేశాను' అని లేదు.

సర్వర్ తెరిచాను. ఉంది. పెట్టింది పెట్టినట్టే ఉంది.

తీసేశాను. స్కానర్ ఆగిపోయింది. అరగంటలో ఇద్దరు డాక్టర్లు రిపోర్టులేవని ఫోన్ చేశారు. మళ్ళీ పెట్టాను.

ఉన్నంత మాత్రాన ఏమైంది? నమ్మమన్నది లోపలివాళ్ళనే కదా.

జూన్ 19

స్కానర్ లోపలిది కాదు. మరి దాన్నెందుకు నమ్మింది?

జూన్ 21, శనివారం

మధ్యాహ్నం మూడింటికి వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. ఆఫీసు నెట్ కాదు, ఇంటి నెట్ కాదు, ఫోన్‌లోని ఇంటర్నెట్. ఊరూ పేరూ లేని పరాయి మనిషిలా మా సర్వర్ తలుపు కొట్టాను. పాస్‌వర్డ్ ఇవ్వలేదు. ఒక్కో మాటా చేత్తో టైపు చేశాను.

పంపేవారు: వదిన చిరునామా. సరే అంది సర్వర్.

అందుకునేవారు: బయట ఉన్న నా సొంత చిరునామా. ఇక్కడ కుదరదనాలి. పరాయి మనిషి, పాస్‌వర్డ్ లేదు, పేరు ఇంకొకరిది. ఛీ పొమ్మనాలి. అనమని లోలోపల బతిమాలుకున్నాను.

సరే అంది.

'ఇది టెస్టు' అని రాసి పంపాను. ఫోన్ టింగుమంది. తెరిస్తే వదిన పేరు. మేడ మీద ఆమె బట్టలు దులుపుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

లాగ్ చూశాను. నా ఫోన్ చిరునామా ఎక్కడా లేదు. దాని స్థానంలో లోపలి చిరునామా, పన్నెండో తారీఖున ఉన్నదే. అప్పుడర్థమైంది. బయటినుంచి వచ్చే ప్రతి కనెక్షన్‌నూ కంటైనర్‌కు అందించే ద్వారం ఒకటుంది. అది వచ్చినవాళ్ళ చిరునామా చెరిపేసి తన చిరునామా వేసి లోపలికి పంపుతోంది. ద్వారం లోపలిది కాబట్టి వచ్చినవాళ్ళంతా లోపలివాళ్ళే. స్కానరూ అంతే, నేనూ అంతే, ప్రపంచమంతా అంతే. పంతొమ్మిది రోజులుగా.

ఆఫీసుకు ఇంటర్నెట్ అందించే రౌటర్ అసలు చిరునామాలు రాసిపెట్టుకుంటుంది, తీసి చూశాను. పన్నెండో తారీఖు, పది నలభై రెండు. ఎక్కడో దేశం కాని దేశపు చిరునామా నుంచి ఒక కనెక్షన్. మా వెబ్‌సైట్లో డాక్టర్ల చిరునామా ఉంది, ప్రతి రిపోర్టు అడుగునా వదిన పేరుంది. ఎవడికో అంతకన్నా ఏం కావాలి? రిపోర్టులు తారుమారయ్యాయంటే ఏ డాక్టరైనా నొక్కుతాడు, ఆ మాట వదిన మాటతో కలిసిందంతే.

అక్కడికక్కడే 'ఎవరినీ వద్దు' అని మార్చాను. స్కానర్ సంగతి రేపు.

ఆయన వచ్చి, "ముఖం అలా ఉందేం?" అన్నారు. తలనొప్పన్నాను.

జూన్ 22, ఆదివారం

ఖాళీ ల్యాబులో పొద్దంతా. చిరునామాలు చెరపకుండా యథాతథంగా లోపలికి పంపేలా ద్వారాన్ని సరిచేశాను. స్కానర్ ఒక్కదాన్ని, దాని చిరునామాతో మాత్రమే నమ్మమన్నాను. బయటినుంచి పాస్‌వర్డ్ లేకుండా వెళ్ళి చూశాను: నిరాకరణ. తప్పు పాస్‌వర్డ్‌తో వెళ్తే కూడా నిరాకరణే. సరైన పాస్‌వర్డ్‌తో పంపాను, వెళ్ళింది. స్కానర్‌దీ వెళ్ళింది. దాని పక్కనున్న కంప్యూటర్ నుంచి పాస్‌వర్డ్ లేకుండా ప్రయత్నిస్తే మళ్ళీ నిరాకరణ. ఎవరైనా కాదంటే ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

ఇప్పుడంతా సరిగ్గా ఉంది. ఎవరూ అడగరు. అడిగినా ఎవరికీ అర్థం కాదు. విచారణ నెమ్మదిగా చల్లారిపోతుంది, వదినను మళ్ళీ తీసుకుంటారు. నేను నోరు విప్పితే ఎవరికి లాభం?

ఎవరికి లాభమో నాకు తెలుసు. అందుకే రాయలేకపోతున్నాను.

జూన్ 23, సోమవారం

పొద్దున్నే మేడ మెట్ల మీద చెప్పాను. వదిన బకెట్ పట్టుకుని దిగుతోంది. మూడో మెట్టు మీద ఆగింది, చివరిదాకా ఆగే ఉంది.

"అంటే ఆ మెయిల్ నేను పంపలేదని ఇప్పుడు నీకు తెలిసింది."

"తెలిసింది వదినా."

"ఎప్పుడు?"

"శనివారం."

"అనుమానం ఎప్పుడొచ్చింది?"

ఆమే చెప్పింది.

"ఆ రోజే వచ్చింది. లాగిన్ పేరు ఖాళీగా ఉందని చూడకుండా నువ్వు సంతకం పెట్టవు. నీ పని నాకు తెలీదా? స్కానర్ పంపిందనుకున్నావేమో. అది ఉన్న కాగితాన్ని పంపుతుందే గానీ సొంతంగా అక్షరం ముక్క రాయలేదు. ఆ మాట నువ్వే నాకు నేర్పావు."

"అవును."

"నన్ను అనుమానించావంటే సరిపెట్టుకుందును. నువ్వు అనుమానించలేదు. నీకది వీలుగా ఉంది, అంతే."

బకెట్ నా పక్కనుంచి దాటించుకుని వెళ్ళింది. ఒక్క చుక్క ఒలకలేదు.

పది గంటలకు పెద్ద డాక్టరుగారి గదిలో రౌటర్ కాగితాలు బల్ల మీద పరిచాను. ఆయన చాలాసేపు చూశారు.

"ఇప్పుడు మూసేశారు కదా?"

"మూసేశాను."

"మరి తలుపు తెరిచుండేదని ఊరంతా దండోరా వేయాలా? ఇంకో ల్యాబు వైపు పోతారు. ఆవిణ్ణి రేపట్నుంచి రమ్మనండి. ఫైలు కోసం చిన్న వార్నింగ్ లెటర్ ఇస్తాం. మీ జోలికి ఎవరూ రారు."

ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణమే, గుండె తేలికైంది. అదీ రాసుకోవాలి.

జూన్ 24, మంగళవారం

వదిన వచ్చింది. వార్నింగ్ కాగితం చేత్తో ముట్టుకోలేదు.

"చెయ్యనిదానికి వార్నింగా? దీని మీద సంతకం పెడితే ఆ మెయిల్ నేనే పంపినట్టు. కాగితం సంగతి తర్వాత. ఆ వారం రిపోర్టులు ఎవరైనా తీసి చూశారా?"

ఎవరూ చూడలేదు. పన్నెండు రోజులుగా ఎవరు పంపారని వెతికారే గానీ, అందులో రాసింది నిజమా అని ఒక్కరూ చూడలేదు. నేనూ కండక్టరమ్మది ఒక్కటే చూశాను.

"అయితే నడవండి," అంది.

నలభై ఏడు రిపోర్టులు. నేను నంబరు చదివాను, ఆమె స్లైడు వెలుతురుకు పెట్టి చూసి "ఊ" అంది. పొద్దుగూకేదాకా నాతో ఆమె అన్నది అదొక్కటే. నలభై ఏడు ఊలు. అన్నీ కలిశాయి.

జూన్ 25, బుధవారం

అరవై రెండు మందికి ఉత్తరం రాశాను. నా పేరుతో, నా పాస్‌వర్డ్‌తో. ఎవరినీ అడగలేదు.

'ఈ నెల 12న రిపోర్టుల విభాగం పేరుతో మీకు వచ్చిన మెయిల్ ఆ విభాగం పంపింది కాదు. బయటివాళ్ళు పంపారు. వాళ్ళకు దారి తెరిచి ఉంచింది నేను పెట్టిన సెట్టింగు. లోపలి నుంచే వెళ్ళిందని తప్పుగా రాసిచ్చింది కూడా నేనే. ఆ వారం రిపోర్టులు నలభై ఏడూ స్లైడులతో సరిచూశాం. అన్నీ సరిగ్గా ఉన్నాయి.'

'పొరపాటున' అనే మాట మూడుసార్లు రాసి మూడుసార్లు కొట్టేశాను. పంపే ముందు నీళ్ళు తాగాను. పంపాను.

జూన్ 26

కండక్టరమ్మకు సోమవారం ఆపరేషన్. ఆ సర్జనుగారే వదినకు ఫోన్ చేసి చెప్పారు. క్షమించమని కూడా అన్నారట.

పెద్ద డాక్టరుగారు నన్ను పిలిచారు. అరవలేదు. అరిస్తే బాగుండేది. "నిజం చెప్పారు, సరే. నాకు చెప్పకుండా చెప్పారు. ఈ నెలాఖరుతో చాలించండి." వార్నింగ్ కాగితం నా ఎదుటే చింపేశారు.

జూన్ 30, సోమవారం

చివరి రోజు. సర్వర్ సంగతులన్నీ కొత్తగా రాబోయే మనిషి కోసం కాగితం మీద పెట్టాను. నమ్మిన ప్రతి చిరునామా పక్కనా ఎందుకు నమ్మానో రాశాను.

ఇంటికొచ్చేసరికి వదిన కింద గదిలోనే కూర్చుంది. పద్దెనిమిది రోజుల తర్వాత.

"నేనడిగితే పెద్ద డాక్టరు నిన్ను ఉంచుతాడు," అంది. "అడగను."

"అడగొద్దు వదినా."

"అడగొద్దని నువ్వనక్కర్లేదు. నేనే అడగనంటున్నాను."

మా ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, టీ పెడతానని లేచారు. పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఆయన టీ పెట్టడం ఇదే మొదటిసారి. గిన్నె మాడగొట్టారు. ముగ్గురమూ తాగాం.

జూలై 9, బుధవారం

కళ్ళ ఆసుపత్రిలో సర్వర్లు చూసుకునే ఉద్యోగానికి అర్జీ పెట్టాను. మీ గురించి చెప్పగలిగినవాళ్ళ పేరొకటి ఇవ్వమన్నారు. ఎంత ఆలోచించినా ఒక్క పేరే తట్టింది. వదినతో ముందుగా చెప్పే ధైర్యం లేక నంబరు రాసేశాను.

ఇవాళ సాయంత్రం ఫోన్ వచ్చింది. వదిన వసారాలో ఉంది. నేను వంటింట్లో కుళాయి కట్టేసి విన్నాను.

"అవునండీ, తెలుసు. పంతొమ్మిదేళ్ళ నుంచి అదే ల్యాబులో ఉన్నాను... పని బాగా వచ్చు. నేనే పెట్టించాను అక్కడ... ఎందుకు మానేసిందంటే, మానిపించారు. ఒక తప్పు చేసింది, అందులో నాకే దెబ్బ తగిలింది... ఆఁ, మా తమ్ముడి భార్యే. అందుకే దాచకుండా చెప్తున్నా."

అవతల ఏదో అడుగుతున్నారు. వదిన ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది.

"తప్పు చేస్తే ఒప్పుకుంటుందా అంటే, ఒప్పుకుంటుంది. కానీ పదకొండు రోజులు పడుతుంది."

ఇంకేదో అడిగారు.

"లేదండీ. రెండోసారి అన్ని రోజులు పట్టదు."

చెప్పుల చప్పుడు వంటింటి వైపు వచ్చింది. వదిన గుమ్మంలో నిలబడి, నా ముఖం చూడకుండా ఫోన్ నా చేతికిచ్చింది.

"మాట్లాడు. లైన్లోనే ఉన్నారు."